సెలవు చీటీయు, సముద్రపు పంచాంగమును

(అశోకా రోడ్డున జరిగిన సభ్యుల కుటుంబ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడుమని కోరినపుడు ఏదైన సాహిత్య విషయమును ఎన్నుకొందునని వారు తలచియుందురు. నేను బి.ఏ.లో చరిత్ర చదివినవాడను. పిమ్మట ఇరువది యేండ్లుగా ఫైళ్ళు చదువుచున్నవాడను. ఈ రెంటిలో ఏదియు చేపలను గూర్చి మాట్లాడుటకు నన్ను అర్హుని చేయదు. అయినను నేడు వేటను గూర్చియు, చేపలను గూర్చియు, బురదలో ఏరు గుల్లలను గూర్చియు, వానికి గల కాలములను గూర్చియు మాట్లాడదలచితిని. కారణము చివర చెప్పెదను. అది విన్న పిమ్మట మీలో కొందఱు నన్ను మందలింపవచ్చును. మా యింటిలో ఆ పని ఇదివఱకే జరిగినది.

మనము కూడియున్న ఈ వీథినుండియే మొదలిడుదము. ఇండియా గేటునుండి గోల్ డాక్‌ఖానా వఱకు పోవు ఈ అశోకా రోడ్డున నీడనిచ్చుచున్నవి నేరేడు చెట్లు. తొలివానలు పడు దినములలో ఇవి పండును. కొలది వారములు మాత్రమే పండును. ఆ కొలది వారములకై పండ్లు కోసికొను హక్కును పురపాలకులు గుత్త కిత్తురు. ఒకడు కొమ్మ లెక్కి కదల్చును. నలుగురు క్రింద దుప్పటి చెఱగులు పట్టి పైకి చూచుచు నిలుతురు. దుప్పటిలో పడిన పండు అమ్ముడుపోవును. కాలిబాటపై పడినది మన బూట్లకు అంటుకొనును. ఏ చెట్టు ముందు పండునో, వాన పడిన మఱునాడు ఎంత వేకువన రావలెనో వారికి తెలియును. ఏటేట ఆ వీథిలో నడచు మనకు తెలియదు. మన కాలగణనము వేతనపు బిల్లుతో మొదలై మార్చి ముప్పది యొకటితో ముగియును గదా!

వేట యన్నది ఢిల్లీవారమగు మనకు చరిత్రయే. తీన్‌మూర్తి భవనపు ఆవరణలో కుష్క్ మహల్ అను రాతి కట్టడ మొకటి యున్నది. రిడ్జి అడవిలో మాల్చా మహల్ మఱియొకటి. రెండును 14వ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లక్ కట్టించిన వేట విడుదులు. నేడు అచట వేటాడదగిన మృగములు కోతులే. వానితో పోరాటములో ఇప్పటివఱకు గెలిచినవి అవియే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. నాటినుండి మన తాతల గోడలపై వ్రేలాడిన దుప్పికొమ్ములు వారి కాలపు జ్ఞాపకములు మాత్రమే. సెలవులో ఊరు పోయి కుందేటినైన కొట్టివత్తునని పలుకు మిత్రులు అది నేరమని గుర్తుంచుకొనగలరు. ప్రభుత్వోద్యోగికి అది రెండింతలు నేరము.

కాని వేటకు ఒక కాలము నేర్పరచుకొనుట చట్టము కనిపెట్టినది కాదు. విశాఖ మన్యమున గిరిజనులు చైత్రమాసములో ఇటుకల పండుగ చేసికొందురు. మగవారు విండ్లు, బరిసెలు పట్టుకొని కొండలకు పోవుదురు. ఆడువారు బాటల కడ్డముగా నిలిచి పాటలు పాడి, వచ్చిపోవువారినుండి చిల్లర పైకము వసూలు చేయుదురు. వట్టి చేతులతో తిరిగివచ్చిన వేటగానికి పేడనీళ్ళతో స్వాగతము! చూచువారికి ఇది వినోదము. నాకు ఇందులో తోచినది వేఱు. విత్తనములు చల్లక ముందు, వానలు దిగక ముందు ఏటికి కొన్ని దినములు మాత్రమే ఊరంతయు కలిసి వేటకు పోవుట యనగా, తక్కిన దినములలో అట్లు పోకుండుట గదా! చట్టము వచ్చిన పిమ్మట చాలచోట్ల వేట తగ్గి పండుగ మిగిలినది.

ఇక సముద్రము.

మనలో తీరప్రాంతమువారు ఎందఱో యున్నారు. మన మందఱము ఊరు పోవునది ఎప్పుడు? పిల్లల బడులు మూసిన పిమ్మట, అనగా మే నెల మధ్యనుండి జూన్ చివరివఱకు. రెండేండ్లకొకమారు స్వగ్రామ యాత్రా సౌకర్యము వాడుకొని, ఏపీ ఎక్స్‌ప్రెస్సులో సామర్లకోటలో దిగి, ఉక్కతో తడిసి ఇల్లు చేరుదుము. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల చేపలవేట నిషిద్ధము. 2015 నుండి ఈ గడువు. అంతకు ముందు నెలన్నర యుండెడిది. పశ్చిమ తీరమున జూన్ 1 నుండి జూలై 31 వఱకు. పెక్కు జాతుల చేపలును రొయ్యలును గ్రుడ్లుపెట్టు కాలమునకు వలలు దూరముగా నుండవలెనని ఈ కట్టుబాటు. మరలేని తెప్పలకు, నాటుపడవలకు ఇది వర్తింపదు. పని లేని ఆ రెండు నెలలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక్కొక్క కుటుంబమునకు కొంత భృతి ఇచ్చుచున్నది. 2019లో అది 10,000 రూపాయలు. 2025లో 20,000 రూపాయలకు పెంచిరి.

కావున మన పిల్లలు ఎన్నిమారులు ఊరు పోయినను వారు చూచునది మూసియున్న సముద్రము. రేవున పడవలు వరుసగా కట్టియుండును. వలలు బాగుచేయుచు, పేకాడుచు మగవా రుందురు. ఒకమారు మా అమ్మాయి, అప్పటికి ఎనిమిదేండ్లది, "నాన్నా, వీళ్ళందరికీ కూడా వేసవి సెలవులా?" అని అడిగినది. నేను నవ్వితిని. రైలులో తిరిగివచ్చుచు ఆలోచించితిని. దానికి తెలిసిన మన ఊరు ఒక సెలవుదినపు ఊరు. అచట ఎవరు ఏమి చేసి బ్రతుకుదురో అది ఎన్నడును చూచి యెఱుగదు. తప్పు దానిది కాదు, నా సెలవు చీటీది.

మఱి సముద్రము తెఱచియుండు కాల మెట్లుండును? జూన్ నడుమ నిషేధము ముగిసిన రాత్రి రేవులలో నిద్ర యుండదు. మంచుగడ్డలు, డీజిలు, నీటి డ్రమ్ములు ఎక్కించుకొని పడవలు బారులు తీరును. తరువాత వచ్చునది గోదావరి వరద. జూలైలో ఎఱ్ఱనీరు సముద్రమును తాకినంతనే అచటి ఇలసచేప నది కెదురెక్కును. ఉప్పునీటి చేప తీపినీటిలో ఎదురీది పులస యగును. ఒకే చేపకు రెండు పేర్లు, రెండు రుచులు, రెండు వెలలు! పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత మీకు చెప్పనక్కరలేదు. ధవళేశ్వరమునొద్ద 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తియైన పిమ్మట దాని ఎగువదారి చాలవఱకు తెగినది. పొలములకు నీరు వచ్చినది, పులసకు గోడ వచ్చినది. ఆ గోడకు దిగువన, యానాం మొదలుకొని, ఆగస్టు, సెప్టెంబరులలో ఒక్కొక్క చేపకు వేల రూపాయలు పలుకును. మా ఇరుగుపొరుగు మిత్రు లొకరు జనవరిలో ఐ.ఎన్.ఏ. మార్కెట్టున "పులస" కొని తెచ్చి పులుసుకు మమ్ము పిలిచిరి. తింటిమి, మెచ్చుకొంటిమి. ఇలస మంచి చేపయే. జనవరిలో గోదావరికి వరద వచ్చునా యని మాత్రము అడుగలేదు. పులుసు పోసిన చేతిని అట్లడుగరాదు.

రొయ్యలది వేఱొక లెక్క. అవి సముద్రమున గ్రుడ్లుపెట్టును. పిల్లలు నదీముఖములకు, మడ అడవులకు, ఉప్పుకయ్యలకు వచ్చి పెరిగి, మరల సముద్రమునకు పోవును. పులికాట్ సరస్సున ఈ రాకపోకల దారిలో వలలు కట్టుటకు 'పాడు' అను పద్ధతి యున్నది. మంచి తావులను ఊరివారు వంతులవారీగా పంచుకొందురు. నేడు నీకు దక్కిన తావు రేపు నాకు వచ్చును. బలవంతుడు ఏడాదంతయు ఒకే చోట తిష్ఠవేయుటకు వీలులేదు. మన బదిలీల విధానమును వ్రాసినవారు ఒకమారు పులికాట్ చూచియుండిన బాగుండెడిది.

అక్టోబరునుండి డిసెంబరు వఱకు చేపలు మెండు, భయమును మెండే. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో బలుసుతిప్ప, భైరవపాలెం వంటి ఊళ్ళు తమ మగవారిని ఎందఱినో సముద్రములో పోగొట్టుకొన్నవి. అప్పుడు నేను విద్యార్థిని. మా మాతామహుల ఊరి రేవున ఆడువారు నీటివైపు చూచుచు కూర్చున్న దినములను మఱువలేదు. నేడు హైదరాబాదునగల ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహములు చూపిన సముద్రజలపు వేడిమిని, నీటియందలి పచ్చదనమును బట్టి చేపలు చేరు తావులను రేవులకు తెలుపును. అలల హెచ్చరికలును పంపును. ఇది నిజముగ గొప్ప మేలు. అయినను ముసలివారు ఇప్పటికిని గాలి వాసన చూచి తల ఊపుదురు. వారి మాటయు విని పోవువారే ఎక్కువ.

ఇక నాకు సంబంధించిన సంగతికి వచ్చెదను.

కాకినాడ అఖాతము ఎట్లుండునో కొందఱు చూచియుందురు. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలండు ఒక పొడవాటి చేయివలె దానికి అడ్డముగా నున్నది. దక్షిణమున కోరింగ మడ అడవి. 1978 నుండి అది అభయారణ్యము, 235 చదరపు కిలోమీటర్లు. లోపలి నీరు లోతు తక్కువ, అడుగు మెత్తని బురద. ఆ బురదలో గుల్లలు పెరుగును. ఒక జాతి గుల్ల లోపలి మాంసము ఎఱ్ఱగా నుండును. మన నెత్తురులోని హీమోగ్లోబిన్ దానికిని ఉండుటయే కారణము. వేఱొక జాతి చిప్ప పలుచగా, అద్దమువలె వెలుతురు పాఱునట్లుండును. పూర్వము కొన్ని దేశములలో దానిని కిటికీలకు బిగించెడివారు. గుల్లలు కాల్చి సున్నము చేయుదురు, కోళ్ళమేతకు వాడుదురు. మాంసము తినువారును కలరు. ఏరువారిలో ఎక్కువమంది ఆడువారు. మోకాటిలోతు బురదలో కూర్చుండి చేతులతో తడుముదురు. నడుమునకు త్రాటితో కట్టిన సత్తు గిన్నె వెనుక నీటిపై తేలుచుండును.

రెండేండ్ల క్రిందట, వేసవిలో కాక దీపావళి కూడ కలియునట్లు సెలవు తీసికొని భార్యాపిల్లలతో ఊరు పోయితిని. అమావాస్య మఱునాడు అభయారణ్యపు హద్దుకు వెలుపల, ఒక పాయకు ఆవలనున్న బురదతిప్పకు గుల్లలు ఏరుటకు పోయితిమి. నేను సిద్ధపడకుండ పోలేదు. అమావాస్యకు, పున్నమికి పోటు పాటులు పెద్దవని తెలియును. నీరు ఆఱు గంటలు తీయును, ఆఱు గంటలు పొడుచునని తెలియును. మధ్యాహ్నము మూడు గంటలకు నీరు పూర్తిగ తీయునని పడవవా డొకడు చెప్పెను. నా లెక్క ఏమన, మూడు మొదలు తొమ్మిది వఱకు నీరు పెరుగును. అందు సగము కాలము ఆఱు గంటలకు గదా. అయిదున్నరకు బయలుదేరిన చాలును. ఫైలుపై ఇట్టి లెక్క వ్రాసిన నా పై అధికారి సంతకము చేసియుండును.

సముద్రము అట్లు సమముగా పెరుగదు. తీసిన నీటిని పండ్రెండు వంతులు చేసినచో, తిరిగి వచ్చునపుడు మొదటి గంటలో ఒక వంతు, రెండవ గంటలో రెండు, మూడు నాలుగు గంటలలో మూడేసి, అయిదవ గంటలో రెండు, ఆఱవ గంటలో ఒకటి వచ్చును. విశాఖ కాకినాడలలో పర్వదినముల పోటునకును పాటునకును భేదము మీటరున్నరకు మించదు. గుజరాతులోని ఖంభాత్ సింధుశాఖయందు అది పది మీటర్ల వఱకు పోవును. మనది స్వల్పమే, కాని మూడు నాలుగు గంటలలోనే అందు సగము వచ్చిపడును. అంతేకాదు, నీరు ముందునుండి రాదు. తిప్పకంటె పల్లమైన పాయ వెనుక నున్నది. ముందు నిండునది అదియే. మన కాళ్ళక్రింద ఇంకను ఆఱియేయుండును, మన దారి మునిగియుండును.

నాలుగు దాటిన పిమ్మట మా అమ్మాయి, "నాన్నా, ఆవిడ గిన్నె ఇటు తిరిగింది చూడు" అన్నది. కొంత దూరమున గుల్లలు ఏరుచున్న ఒక స్త్రీ వెనుక తేలు గిన్నె అంతవఱకు సముద్రమువైపు త్రాడు లాగుచుండెను. ఇప్పుడు ఒడ్డువైపు లాగుచున్నది. నేను తల యెత్తలేదు. "పీతలను చూడమ్మా" అంటిని. అయిదున్నర కాలేదు గదా!

ఆమె తన పని ముగించుకొని లేచి, మేము కదలకుండుట చూచి కేక వేసినది. "బాబూ, పిల్లల్నెట్టుకుని ఇంకా ఏం సూత్తన్నారు? పాయ నిండిపోతంది!" వెనుదిరిగి చూచితిని. వచ్చునపుడు మోకాళ్ళకు దిగువనున్న పాయలో నీరు వేగముగ లోపలికి పాఱుచున్నది. పొద్దు క్రుంకుచున్నది. నేను పిల్లను ఎత్తుకొని దగ్గఱి దారిన దిగితిని. రెండడుగులు వేయుసరికి బురద తొడల వఱకు లాగినది. అమ్మాయి చెప్పు ఒకటి ఊడి పోయినది. ఏడ్వలేదు, నా మెడను పట్టుకొన్న పట్టు మాత్రము ఇప్పటికిని గుర్తున్నది. నా భార్య మా మేనల్లుని చేయి పట్టుకొని తిప్పమీదనే నిలిచిపోయినది.

ఆ తల్లి తన గిన్నెను వదలిపెట్టి వచ్చినది. "దగ్గర దారి కాదు బాబూ. గుల్లున్న సోట అడుగెయ్యండి, అక్కడ నేల దిగదు" అని, పాయ వెడల్పైన తావునకు మమ్ము నడిపించినది. నిజమే, గుల్లల పట్టు ఉన్నచోట అడుగు గట్టిగా నున్నది. మా మేనల్లుని ఆమె చంకనెత్తినది. నీరు నా రొమ్ము వఱకు వచ్చినది. ఆవలి ఒడ్డు చేరుసరికి చీకటి పడినది. దారి పొడవునను ఆమె మమ్ము ఒక్క మాట అనలేదు. ఒడ్డున మాత్రము పిల్లల సంచి విప్పి చూచి, బొటనవ్రేలి గోరంత గుల్లలను వేఱుచేసి సగము నీటిలో పారబోసినది. "ఇయ్యి ఇంకా పెరగాల" అన్నది. మేము ఇయ్యబోయిన డబ్బు పుచ్చుకొనలేదు. కొట్టుకొనిపోయిన ఆ గిన్నెకు వెల మాత్రము పుచ్చుకొన్నది.

తరువాత నేను చదివి, విని తెలిసికొన్న కొన్ని సంగతులు మీకు పనికివచ్చును. సర్వే ఆఫ్ ఇండియావారు ఏటేట పోటు పాటుల పట్టికలు ప్రకటింతురు. అవి ముఖ్య రేవులకు చెందినవి. పాయలలోపలి వేళ ఊరివారినే అడుగవలెను. పంచాంగ మున్నవారు ఇంకొక లెక్క పెట్టుకొనవచ్చును. పోటు దినమునకు సుమారు 50 నిముషములు, అనగా రెండు ఘడియలు వెనుకబడును. నేడు మూడు గంటలకు తీసినచో రేపు నాలుగు కావచ్చుచుండగా తీయును. మా అమ్మమ్మ వ్రేళ్ళ కణుపులపై తిథులు లెక్కించి ఇది చెప్పెడిది. నేను దానిని మూఢవిశ్వాస మనుకొని ఇంగ్లీషు చదివితిని.

తినుటను గూర్చి ఒక మాట. గుల్ల నీటిని వడపోసి బ్రతుకు జీవి. నీటిలోని మురికియు విషమును దానిలో నిలుచును. పట్టణపు కాలువలు కలియుచోట ఏరినవి, పెద్దవానల వెంటనే ఏరినవి తినరాదు. ఒక్కొక్కప్పుడు నీటిలో పెరుగు సూక్ష్మజీవుల విషము గుల్లకు ఎక్కును. ఉడికించినను అది పోదు. 1981లో తమిళనాడులోని వయలూరునందు గుల్లలు తిని ముగ్గురు చనిపోయిరి, ఎందఱో ఆసుపత్రి పాలైరి. అమెరికాలో సియాటిల్‌నున్న మా బావమరిది చెప్పగా వింటిని: వాషింగ్టన్ రాష్ట్రపు తీరమున ముందు గుల్లలను పరీక్షించి, విషము లేదని తేలిన పిమ్మటనే ఫలానా తేదీలలో, ఫలానా పాటువేళ ఏరవచ్చునని ప్రకటింతురట. అనుమతి పత్ర ముండవలెను. ఒక జాతి గుల్లలు మనిషికి దినమునకు 15 మాత్రమే. మొదట దొరికిన 15, చిన్నవైనను పెద్దవైనను లెక్కకు వచ్చును. మన తెలుగు కుటుంబములు తెల్లవాఱుజామున టార్చిలైట్లతో పోయి, అణకువతో లెక్కపెట్టి తెచ్చికొందురట. ఇచట మనకు ఆ లెక్క చెప్పువారు లేరు. ఉన్నది గోరంత గుల్లలను పారబోసిన ఆ తల్లియే.

ఈ యేడును కార్తికమాసమున సెలవు కోరితిని. వేసవి విడిచి నవంబరులో ఊరికి పోవుట కేమి పని యని పై అధికారి అడిగిరి. స్వకార్యమని వ్రాసితిని. అంతకంటె చిక్కు ఇంటిలో వచ్చినది. ఆ సాయంకాలమునుండి మా అమ్మాయి నీటియొద్దకు రాదు. కిందటేట యమునలో పడవకును రానన్నది. నేను బలవంతము చేయలేదు. మొన్న వంటయింటి క్యాలెండరులో అమావాస్య తరువాతి దినముల యెదుట పెన్సిలుతో వేళలు వ్రాసియుండుట చూచితిని. దినమునకు 50 నిముషములు చొప్పున కూడి వ్రాసినది. ఎందుకని అడిగితిని. వచ్చుటకు ఒప్పుకొన్నది, కాని ఒక షరతు పెట్టినది. గిన్నె తిరుగగనే బయలుదేరవలెను, అప్పుడు గంట ఎంతైనదని నేను వాచీ చూడరాదు. అంగీకరించితిని. కాగితముపై వ్రాసి సంతకము చేయుమన్నది. చేసి యిచ్చితిని.

కొత్త సత్తు గిన్నె ఒకటి కొనవలసియున్నది. సెలవు తీసికొందును.